వస్తానని పోవడం

ఫిబ్రవరి 21

హైస్కూల్లో పదో తరగతి ఫేర్‌వెల్. నన్నూ పిలిచారు. రిటైరై ఆరేళ్ళు. అయినా ముందు వరసలో కుర్చీ వేశారు. బ్యానర్ మీద ఫేర్‌వెల్‌లో ఒక ఎల్ తక్కువ. రెండో ఎల్‌కు చోటు చాలలేదేమో. చెప్పలేదు. పలావు బాగుంది.

ఫేర్ అంటే పాత ఇంగ్లీషులో ప్రయాణం చేయడం. బస్సు ఛార్జీని ఫేర్ అనేది అందుకే. ఫేర్‌వెల్ అంటే చల్లగా పోయిరా అని. పిల్లలకు ఇది చెబుదామని లేచి నిలబడ్డా. సౌండ్ బాక్సుల అబ్బాయి పాట పెట్టేశాడు. కూర్చున్నా.

ఫిబ్రవరి 23

ఒకప్పుడు ఇంగ్లీషులో ఫేర్‌వెల్ అనేది ఉండేవాళ్ళ మాట. పోయేవాళ్ళు దానికి బదులుగా గుడ్‌బై అనేవాళ్ళు. మనకూ అంతే. పోయేవాడు ‘పోయ్యొస్తా’ అంటాడు. ఉండేవాడు ‘మంచిది, పోయిరా’ అంటాడు. ఇప్పుడు వాళ్ళు ఇద్దరూ బై అనే అంటున్నారు. గోడ అవతల నుంచి వింటే ఎవరు పోతున్నారో తెలీదు.

సాయంత్రం పండితుడు వచ్చాడు. మా స్కూల్లోనే తెలుగు చెప్పి, నాకంటే రెండేళ్ళు ముందు రిటైరయ్యాడు. రోజూ వస్తాడు. ఫేర్‌వెల్ సంగతి చెప్పా. ‘ఇది మాకు తెల్సినదే లే సార్’ అన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు.

ఎనిమిదికి లేచి ‘వస్తా’ అని పోయాడు. ముప్పై ఏళ్ళుగా వస్తా అనే పోతున్నాడు.

ఫిబ్రవరి 27

బెంగళూరు నుంచి మనవడు. అయిదేళ్ళు. రెండు రోజులుండి పొద్దున కారెక్కాడు.

‘బై తాతా. బై జేజీ.’

మా ఇంటామె ఊరుకోలేదు. ‘బై కాదు నాయనా. పోయ్యొస్తా అనాల.’

‘ఎందుకు?’

‘ఉత్త పోతా అంటే మళ్ళా రారంట.’

‘ఐ విల్ కమ్ ఇన్ ఏప్రిల్’ అన్నాడు.

నెల చెప్పేశాడు. వస్తా అనే మేమెవరం ఇంతవరకు నెల చెప్పలేదు.

మార్చి 2

గుడ్‌బైలో గుడ్ లేదు. గాడ్ ఉన్నాడు. గాడ్ బి విత్ యే. దేవుడు నీకు తోడుండుగాక. జనం వాడివాడి అరగదీశారు. గాడ్‌బ్వై అయింది. గుడ్ మార్నింగ్, గుడ్ డే పక్కన కూర్చుని కూర్చుని గాడ్ కాస్తా గుడ్ అయ్యాడు.

అరిగిన రూపం మొదట కనబడేది 1573లో. గేబ్రియల్ హార్వే అనే కేంబ్రిడ్జి మనిషి రాసిన ఉత్తరంలో. నువ్వు పంపిన గాలన్ గుడ్‌బైలకు బదులు నేనొక పాటిల్ పలకరింపులు పంపుతున్నా అని. పాటిల్ అంటే అర గాలన్. మాట పుట్టడమే కొలతతో పుట్టింది. పాల బాకీ లాగా.

పలకరింపు వీడ్కోలులో సగం. కొలత సరిగ్గానే ఉంది.

మార్చి 3

1623 నాటి షేక్‌స్పియర్ పుస్తకంలో కొన్నిచోట్ల ఈ బై స్పెల్లింగు, కొనడం అనే బై స్పెల్లింగే. గాడ్ బై యూ. నిన్ను దేవుడు కొనుగోలు చేయుగాక. నా దగ్గర చదివిన పిల్లోడు ఎవడైనా అట్ల రాసుంటే మార్కు తీసేసేవాణ్ణి. చాలామందికి తీసేశా.

మార్చి 5

ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పా. క్లాసులోకి పోగానే అందరూ లేచి గుడ్ మార్నింగ్ సార్ అని రాగం తీసేవాళ్ళు. మధ్యాహ్నం పోయినా గుడ్ మార్నింగే. సాయంత్రం గంట కొట్టాక గుడ్‌బై అన్నది ఒక్కరూ లేరు. గంట మోగుతుండగానే గది ఖాళీ. అర్థం తెలియకపోయినా సరిగ్గానే పోయేవాళ్ళు.

మార్చి 9

పక్కింటి కోడలు కువైట్ పోతోంది. ఖద్దామా వీసా. అంటే ఇంటిపని. రెండేళ్ళు. నాలుగు బోర్లు వేశారు, నాలుగూ ఎండిపోయాయి. అయిదోది వేయడానికి ఆమె పోతోంది. దినారు మన రెండొందల యాభై పైమాటే అని వాళ్ళాయన చెప్పాడు. ప్రపంచంలో అంత బరువైన డబ్బు ఇంకోటి లేదు. నిజమే.

కూతురు ఒకటో తరగతి. జేజి దగ్గర ఉంటుంది.

మార్చి 11

బయలుదేరేవాణ్ణి యాడికి అని అడగకూడదు. అడిగితే పని కాదు. దూరమా అని అడగాలి. వాడు ఊఁ అంటాడు. అంతటితో ఆపాలి.

యాడికి అని అడగడానికి జీతం తీసుకునేది కండక్టరు ఒక్కడే. రోజుకు వందసార్లు అడుగుతాడు. అపశకునాలతో నిండిన బస్సు ఎట్లనో కదిరి చేరుతుంది.

మార్చి 14

తెల్లవారుజామున మూడింటికి లేపారు. పక్కింట్లో లైట్లు. జీపు వచ్చింది. బెంగళూరు విమానాశ్రయానికి. అందులో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు అప్పటికే ఉన్నారు. కదిరి నుంచి. ఒకామె బురఖాలో.

పక్కింటి కోడలు అత్తకు మొక్కింది. ‘పోయ్యొస్తా అత్తా.’ మా ఇంటామెకు. ‘పోయ్యొస్తా పెద్దమ్మా.’ నాకు. ‘పోయ్యొస్తా సార్.’ నా దగ్గరే చదివింది. టెన్త్‌లో ఇంగ్లీషు పోయింది.

బిడ్డను లేపలేదు. మంచం దగ్గరికి పోయి నిలబడింది. ఆ మాట అక్కడ అనిందో లేదో వినబడలేదు.

జీపు కదలబోతుండగా డ్రైవరు తుమ్మాడు. అందరూ దిగారు. అరుగు మీద కూర్చున్నారు. తలా ఒక గుక్క నీళ్ళు. డ్రైవరు కూడా తాగాడు. తుమ్మింది ఆయనే కాబట్టి రెండు గుక్కలు. మళ్ళీ ఎక్కారు. బురఖా ఆమె గుమ్మంలో ఉన్న మా అందరికీ కలిపి ‘ఖుదా హాఫిజ్’ అంది.

బండి వెనక టాటా అని రాసుంది. కంపెనీ పేరు.

మార్చి 15

పిల్ల లేచి అమ్మ ఏదని అడిగింది. అంగడికి పోయింది అని జేజి చెప్పింది.

సాయంత్రం అడిగింది. ‘ఏ అంగడి?’

మార్చి 18

పక్కింటాయన బెంగళూరు సంగతులు చెప్పాడు. డిపార్చర్స్ అని రాసిన తలుపు దగ్గర ఆపేశారంట. టికెట్టున్నోళ్ళనే లోపలికి. ‘అరైవల్స్ దగ్గరైతే ఎవుర్నైనా నిలబడనిస్తారంట సార్.’ డిపార్చర్ అంటే ఏమని అడిగాడు. బయలుదేరడం అన్నా. మాటను విప్పితే పాత ఫ్రెంచిలో భాగాలు చేయడం, విడదీయడం. అది చెప్పలేదు. ఇంగ్లీషు చర్చిలో పెళ్ళి ప్రమాణానికి కూడా మొదట్లో ఈ మాటే వాడేవాళ్ళు. చావు మనల్ని డిపార్ట్ చేసేదాకా అని. ఆ అర్థం పాతబడిపోయిందని 1662లో మార్చారు. అదీ చెప్పలేదు.

అరైవల్ అంటే ఒడ్డు చేరడం. లాటిన్‌లో ఒడ్డును రీపా అంటారు. ఇది చెప్పా. ‘కువైట్ కాడ సముద్రం ఉంది సార్’ అన్నాడు. తృప్తిగా పోయాడు.

మార్చి 22

లెక్క వేశా. ఇంగ్లీషు వాడు పోతూ దేవుణ్ణి తోడుంచి పోతాడు. ఫ్రెంచి వాడి అద్యూ, స్పెయిన్ వాడి అదియోస్ రెండూ ‘దేవుడికి’ అనే. ఖుదా హాఫిజ్ అంటే దేవుడే కాపాడేవాడు. కువైట్‌లో మఅస్సలామా. క్షేమంతో. అందరూ పైవాడికి అప్పజెప్పి బండెక్కుతారు.

మనం ఒక్కరమే ఎవరికీ అప్పజెప్పం. వస్తా అని సొంత పూచీ మీద పోతాం. కన్నడం వాళ్ళు హోగి బర్తీని అంటారు, తమిళులు పోయిట్టు వరేన్. వాళ్ళూ మన బాపతే. హిందూపురం దాటితే భాష మారుతుంది. పూచీ మారదు.

పండితుడితో అన్నా. ‘ఈ ఒక్క విషయంలో మనోళ్ళు దేవుణ్ణి నమ్మలేదు సార్’ అన్నాడు. పూజకు వేళైందని లేచాడు. వస్తా అన్నాడు.

ఏప్రిల్ 4

జిల్లా పుట్టినరోజు. 2022లో ఈ రోజే శ్రీ సత్యసాయి జిల్లా. అంతకు ముందు అనంతపురం. 1910కి ముందు కడప. కదిరి తాలూకాతో పాటు మా ఊరు తలుపులనూ తీసి అనంతపురంలో పెట్టారు. ఇంకా వెనక్కి పోతే నిజాం 1800లో మమ్మల్ని కుంఫిణీకి రాసిచ్చేశాడు. దానికీ వెనక పెనుకొండ రాయలు. 1565లో విజయనగరం కూలాక రాజధాని పెనుకొండకు వచ్చింది. తర్వాత చంద్రగిరికి పోయింది.

ఊరు మాత్రం అంగుళం కదల్లేదు. పోయేవన్నీ జిల్లాలూ రాజులే. ఎవరూ వస్తా అని చెప్పిపోలేదు.

మా ఆధార్‌లో ఇంకా అనంతపురమే.

ఏప్రిల్ 11

బెంగళూరు. అబ్బాయి అపార్ట్‌మెంట్‌లో గుంటూరాయన లిఫ్టులో తగిలాడు. ఏ ఊరండీ అన్నాడు. తలుపుల. ‘డోర్సా?’ అన్నాడు. అవునన్నా. ఆయన ఫ్లోర్ వచ్చింది. ‘బై అండీ’ అని దిగాడు. బైకి అండీ తగిలించాడు. దేవుడు మీకు తోడుండుగాకండీ.

ఊరి పేరు తలుపులే. తీసినవో మూసినవో పేరులో లేదు.

ఏప్రిల్ 12

మనవడు ఏప్రిల్‌లో వస్తానన్నాడు. రాలేదు. మేమే వచ్చాం. ఆ సంగతి గుర్తుచేశా. ‘ఏప్రిల్ ఈజ్ నాట్ ఓవర్’ అన్నాడు.

ఏప్రిల్ 18

ఇంటికొచ్చాం. పండితుడు అరుగు మీద కూర్చునున్నాడు. ఎప్పటి నుంచో.

ఈరోజు మాట సెలవు. ఆయనే ఎత్తాడు. సెలవంటే అనుమతి. సెలవంటే బడి లేకపోవడం. సెలవంటే పోతున్నానని చెప్పడం. పెద్దలు మాట్లాడితే సెలవిచ్చారు అంటాం, అదీ ఇదే. తమిళంలో అదే మాటకు ఖర్చు. సెల్ అంటే పోవడం కాబట్టి చేతిలోంచి పోయింది సెలవు.

నా వంతు. ఇంగ్లీషు లీవ్‌కు కూడా మొదటి అర్థం అనుమతే. టేక్ లీవ్ అంటే పోవడానికి ఒప్పుదల అడగడం. లీవు లెటర్‌లో ఉన్నది అదే. పోవడం అనే లీవ్ వేరే మాట. పక్కపక్క ఇళ్ళలో ఒకే పేరున్న ఇద్దరు. ఉత్తరాలు మారిపోయి మారిపోయి ఇప్పుడు ఎవరివి ఎవరివో తెలీదు.

‘సెలవు సంగతిలో మనం మనం ఒకటే సార్’ అన్నాడు. ఆయన ఒప్పుకోవడం అరుదు. రాసిపెట్టుకున్నా.

ముప్పై నాలుగేళ్ళలో నాకొచ్చిన లీవు లెటర్లన్నీ ఒకటే. యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రం ఫీవర్. పెళ్ళికి పోయినా ఫీవరే. శెనక్కాయ పీకడానికి పోయినా ఫీవరే. ఒకడు మాత్రం ఫీవర్ బదులు ఫాదర్ అని రాశాడు. వాడిది నిజమైన లీవు.

ఏప్రిల్ 29

హైస్కూల్ బయల్లో క్రికెట్. బంతి బ్యాటుకూ తగల్లేదు, కీపరుకూ దొరకలేదు. బై, బై అని అరుపులు. బ్యాటు ఉన్నవాడు నిలబడి చూస్తున్నాడు. అవతలి వాడు సగం దాకా వచ్చేశాడు. ఈ బై వేరు. పక్కనుంచి పోయినదని. గుడ్‌బైకి చుట్టం కాదు.

అయినా వాడు అవుటయ్యాడు.

మే 6

టెలిఫోన్ వచ్చిన కొత్తలో ఎత్తగానే ఏమనాలో తెలియలేదు. గ్రాహంబెల్ అహాయ్ అనమన్నాడు. పడవల వాళ్ళు అరుచుకునే మాట. ఎడిసన్ 1877లో హలో చాలన్నాడు. ఎడిసన్ గెలిచాడు. మనమూ హలోనే అంటున్నాం. ఎత్తడానికి మాట వాళ్ళిచ్చారు.

పెట్టేయడానికి మాత్రం మనకు మనదే. ‘ఉంటా మరి.’

ఎదురుగా నిలబడి పోయేటప్పుడు వస్తా అంటాం. ఫోన్‌లో పోయేటప్పుడు ఉంటా అంటాం. పోతా అన్న మాట ఎక్కడా పడనీయం.

మా ఇంటామె చెల్లెలు మదనపల్లె నుంచి ఫోన్ చేసింది. పదకొండూ నలభైకి ‘ఉంటా అక్కా’ అంది. పన్నెండూ పదికి పెట్టింది.

మే 9

కువైట్ నుంచి వీడియో కాల్. పక్కింట్లో సిగ్నల్ రాదు. మా ఇంటి వసారాలో వస్తుంది. శుక్రవారం శుక్రవారం మా ఇంటికొస్తారు. పిల్ల ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంది. వాళ్ళమ్మకు మా గోడలు, క్యాలెండరు, నా మోకాళ్ళు కనబడతాయి. చివర్లో ‘ఉంటా తల్లీ, ఉంటా, ఉంటా’ అని ఆమె ఆరుసార్లు అంది. పిల్ల ఒక్కసారి బై అని నొక్కేసింది.

అంగడి మాట ఇప్పుడెవరూ ఎత్తడం లేదు.

మే 17

రాత్రి నిద్ర పట్టక చేసిన పని. గుడ్‌బైలో ముందు సగం గాడ్. దాన్ని తీసేస్తే బై. అందులో మిగిలిందేమిటి? బి విత్ యే. ఆ విత్ కూడా నలిగి కనబడకుండా పోయింది. బి మిగిలింది, యే తోక మిగిలింది.

దేవుడు పోయాడు. తోడు పోయింది. మిగిలింది ఉండు అన్న మాట ఒక్కటి.

లేచి నీళ్ళు తాగి పడుకున్నా.

మే 18

పండితుడికి చెప్పా. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘ఫోన్లో మనం అనేదీ అదే కదా సార్’ అన్నాడు. ఇద్దరం టీ తాగాం. చక్కెర ఎక్కువైంది.

మే 27

కదిరి పోయొచ్చా. విత్తన శెనక్కాయలకు. కదిరి లేపాక్షి కావాలని అందరూ. వరసలో నా ముందాయన టవల్ పెట్టి టీకి పోయాడు. టవల్ వరసలో జరుగుతూనే ఉంది. జనం కాలితో జరుపుతున్నారు. ఆయన తిరిగొచ్చేసరికి టవల్ నాకంటే ముందే కౌంటర్ చేరింది.

తిరుగు బస్సు తలుపు తాడుతో కట్టుంది. తలుపుల బస్సు.

జూన్ 3

పండితుడు బ్రౌణ్య నిఘంటువు తీసుకుపోయాడు. 1852లో మద్రాసులో అచ్చయినదానికి తర్వాతి ముద్రణ. అట్టలు నేనే వేసుకున్నా. ఎప్పుడిస్తావంటే ‘ఇస్తాలే సార్’. ఆయన వస్తా అనేదీ, ఇస్తా అనేదీ ఒకే గొంతుతో.

బ్రౌను 1820లో కడపకు వచ్చాడు. అప్పుడు మా ఊరు ఆ జిల్లాదే. ఇక్కడికి దగ్గర్లోనే కటారుపల్లిలో వేమన సమాధి. వేమన పద్యాలు ఏరి 1829లో అచ్చు వేయించింది ఈయనే. ఉద్యోగం అయ్యాక ఇంగ్లండు పోయాడు. లండన్‌లో తెలుగు ప్రొఫెసరయ్యాడు. పోయి కూడా పోలేదు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరున గ్రంథాలయం.

జూన్ 12

బడులు తెరిచారు. పక్కింటి పిల్ల రెండో తరగతి. కొత్త బ్యాగు. వాకిట్లో జేజికి ‘పోయ్యొస్తా’ అంది. నేర్పినట్టున్నారు. నాలుగడుగులు వేసి వెనక్కొచ్చింది. ‘వచ్చినా’ అంది. మళ్ళీ పోయింది. నాలుగుసార్లు.

జూన్ 19

పండితుడు పోయాడు. రాత్రి నిద్రలో. నిన్న సాయంత్రం ఎనిమిదికి వస్తా అనే లేచాడు.

పొద్దున పోయినా. చాప మీద పడుకోబెట్టారు. కొడుకులు ఇంకా దారిలో ఉన్నారు, ఒకడు హైదరాబాదు నుంచి, ఒకడు చెన్నై నుంచి. రెండు గంటలు కూర్చున్నా. చావింట్లోంచి పోయేటప్పుడు చెప్పి పోకూడదు. పోయ్యొస్తా అసలే అనకూడదు. ఊరికే లేచి, చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా రావాలి.

లేచా. నోట్లో మాట ఉంది. దగ్గు వచ్చినట్టు చేశా.

బయట చెప్పులు కనబడలేదు. ఎవరో వేసుకుపోయారు. ఒట్టికాళ్ళతో వచ్చా. ఇంటి ముందు నీళ్ళ బకెట్ పెట్టి మా ఇంటామె నిలబడుంది. కాళ్ళు కడుక్కోమంది. కడగడానికి చాలా ఉంది.

జూన్ 20

సాయంత్రం ఆరుకు ఇద్దరికీ టీ పెట్టింది. ఏమీ అనలేదు. రెండూ నేనే తాగా.

జూన్ 24

వాన. నాలుగు చినుకులు. ఊరంతా విత్తనాలు బయటికి తీసింది. మళ్ళీ లోపల పెట్టింది.

జూలై 1

పండితుడి పెద్దకొడుకు వచ్చి నిఘంటువు ఇచ్చిపోయాడు. ‘నాయన మీదని చెప్పేవాడు సార్.’ మధ్యలో గుర్తుకు బస్సు టికెట్ పెట్టుంది. ఏ మాట దగ్గర ఆపాడో అని కళ్ళద్దాలు వెతుక్కుని తెరిచా.

బెండకాయ ఉన్న పేజీ.

జూలై 6

మన్రో పోయిన రోజు. 1827.

గ్లాస్గోలో పుట్టాడు. 1780లో సైన్యంలో ఉద్యోగానికి మద్రాసు వచ్చాడు. నిజాం మమ్మల్ని కుంఫిణీకి ఇచ్చేశాక 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు పెద్ద కలెక్టరు. డేరాలు వేసుకుని ఊరూరా తిరిగి పొలాలు కొలిపించాడు. శిస్తు రైతు పేరు మీదే రాయించాడు. సెలవు మీద ఇంగ్లండు పోయి, మళ్ళీ వచ్చి, 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. ఇక చాలు, ఇంటికి పంపండి అని అడిగాడు. బర్మా యుద్ధం వచ్చిపడింది. ఆగాడు. యుద్ధం అయిపోయింది. భార్య అప్పటికే ఇంగ్లండు చేరింది.

ఓడ ఎక్కే ముందు దత్తమండలాలకు ఒకసారి పోయొస్తానన్నాడు. పాత మనుషులను చూసి, చెప్పి పోదామని. ఎండాకాలం. కలరా కాలం. వద్దన్నా వినలేదు. పత్తికొండలో డేరాలో కలరా తగిలింది. జూలై 6న పోయాడు. గుత్తిలో పూడ్చారు. 1831లో తీసి మద్రాసు కోటలో సెయింట్ మేరీస్ చర్చికి మార్చారు.

పోతున్నానని చెప్పడానికి వచ్చాడు. ఆ చెప్పడమే పోవడం అయింది. ఇంగ్లండులో ఆమె ఎదురుచూస్తోంది. కబురు ఓడలో పోవాలి. నెలల దారి. ఆ నెలలన్నీ ఆయన బతికే ఉన్నాడు అక్కడ.

కడప వాళ్ళు ఇంకో కథ చెబుతారు. పులివెందుల అవతల గండి దగ్గర పాపాగ్ని కొండలను చీల్చుకుని పోతుంది. ఆ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టుందంట. రాముడి కోసం వాయుదేవుడు కట్టింది. చావు దగ్గరపడ్డవాళ్ళకే కనబడుతుంది. మన్రో అటు పోతూ తలెత్తి, ఆ తోరణం ఎవరు కట్టారని అడిగాడంట. పక్కనున్నవాళ్ళకు ఏమీ కనబడలేదు. ఒక ముసలాయనకు మాత్రం అర్థమైందంట. ఎవరూ ఏమీ అనలేదంట.

గండికి నేను మూడుసార్లు పోయా. ప్రతిసారీ కిందికే చూస్తూ నడిచా.

జూలై 7

మన్రో మీద ఇంకో మాట. మద్రాసులో ఆయన గుర్రపు బొమ్మ ఉంది. చాంట్రీ అనే శిల్పి చేసింది. దానికి జీను లేదు, రికాబులు లేవు. మరిచిపోయాడని కొందరంటారు. రికాబు లేకపోతే గుర్రం దిగడం కష్టం. అట్లే కూర్చునున్నాడు. ఇటువైపు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవాళ్ళు. వాళ్ళందరూ దిగారు, తిరిగారు, పోయారు.

ఇది పండితుడికి చెప్పాల్సిన సంగతి.

జూలై 13

వాన. ఈసారి నిజం. విత్తనం పడింది. పక్కింటాయన అయిదో బోరు వేస్తానని జియాలజిస్టును పిలుచుకొచ్చాడు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి చేను చుట్టాడు. కాయ ఒకచోట లేచింది. నాలుగో బోరుకు పక్కనే.

జూలై 18

శుక్రవారం. కాల్ వచ్చింది. పిల్ల మాట్లాడింది. బడిలో గుడ్డు ఇచ్చారు. పన్ను ఊగుతోంది. తోకలేని బల్లిని చూసింది. తర్వాత ఏమీ తోచలేదు. ‘ఉంటా’ అంది. ఈ మాట ఎప్పుడు నేర్చిందో. ఫోన్ నా మంచం మీద పడేసి బయటికి ఉరికింది. నొక్కడం మరిచిపోయింది.

నేను కళ్ళద్దాలకు లోపలికి పోయి వచ్చేసరికి ఫోన్ ఇంకా వెలుగుతోంది. వెల్లకిలా. వంగి చూశా. అందులో వాళ్ళమ్మ. ఎక్కడో ఒక వంటగది, వెనక తెల్లటి పలకలు. కదలకుండా చూస్తోంది. ఆమెకు కనబడేది మా వసారా దూలాలు, ఫ్యాను. బయట పిల్ల గొంతు వినిపిస్తోంది. ఎవరినో తరుముతోంది.

పైన అంకెలు. ఇరవై రెండు నిమిషాలు.

‘కట్ చేయమంటావామ్మా?’

‘ఉండనీ సార్.’